షిరాగిసే కోటలో ఆఖరి వరుస

షిరాగిసే కోటలోని పాతకాలపు చెక్క బురుజును మరమ్మతుల కోసం మరునాటి నుంచి ఆరేళ్ళ పాటు మూసేస్తున్నారు. అందుకే వడ్రంగం మానేసి ఇంటిపట్టున ఉంటున్న డెబ్బై రెండేళ్ళ కువబారా షిగెజో ఆ ఉదయం పెందలాడే లేచి, అన్నం ముద్దలు కట్టించుకుని, భార్య ఫుసాయెను బయలుదేరదీశాడు. కుర్రతనంలో ఆయన ఆ బురుజు పై అంతస్తులో విరిగిన దూలానికి కొత్త చెక్క అతికాడు, ఒక్క మేకు లేకుండా.

"నలభై ఏడేళ్ళుగా ఈ మాట వింటున్నాను. కళ్ళతో చూస్తేనే నమ్ముతా," అంది ఫుసాయె.

"ఆరేళ్ళ తర్వాత ఆ మెట్లకు నా మోకాళ్ళు ఒప్పుకోవు. నాలుగింటికి పై అంతస్తు మూసేస్తారు. ఈలోగా చూపించకపోతే అడుగు!"

మూడింటికి బూట్లు విప్పి సంచీలో పెట్టుకుని లోపలికి వెళ్ళారు. మూడో అంతస్తులో, నిచ్చెనలా నిటారుగా ఉన్న మెట్ల పక్కన, నాలుగు వందల ఏళ్ళ స్తంభం ముందు షిగెజో కాళ్ళు ఆగిపోయాయి. ఉలి గాట్లు నిన్న చెక్కినంత తేటగా ఉన్నాయి. అరచేయి ఆనించి, కళ్ళు మూసుకుని, పేరు తెలియని ఆ పనివాళ్ళకు తల వంచాడు.

కళ్ళు తెరిచేసరికి వెనక పదిమంది, మనిషికీ మనిషికీ మధ్య అడుగు ఎడం వదిలి, చప్పుడు చేయకుండా నిలబడి ఉన్నారు. షిగెజో గబుక్కున చేయి తీసేశాడు. ఇక్కడ వరుస ఉంది. తాను చూసుకోకుండా అందరి ముందూ దూరిపోయాడు!

"క్షమించండి, క్షమించండి," అంటూ వంగి వంగి దణ్ణాలు పెట్టి, కిటికీ దగ్గర ఆయాసం తీర్చుకుంటున్న భార్యను లాక్కుని వరుస చివరికి పరుగెత్తాడు.

"దేనికండీ ఈ వరుస?"

"పైకెళ్ళడానికే అయ్యుంటుంది. ఇంతమంది ముందు పరువు పోయింది!"

వరుసలో అందరికంటే ముందున్నావిడ స్తంభానికి అరచేయి ఆనించి, కళ్ళు మూసి, తల వంచి మెట్లెక్కింది. ఆమెను చూసి తర్వాతివాడూ అంతే. కొత్తగా వచ్చినవాళ్ళంతా వరుస చూసి చేరుతూ పోయారు. కాసేపటికి కావలివాడు "వరుస చివర ఇక్కడ" అన్న బోర్డు తెచ్చి నిలబెట్టాడు. స్తంభాన్ని తాకితే నడుం నొప్పి పోతుందని ఒకరన్నారు. మనవరాలి పరీక్ష కోసమని ఇంకొకరు.

"ముందువాళ్ళను అడగరాదూ?"

"అరగంట నిలబడి, ఎందుకో తెలీదని ఎలా అడగనే?"

నాలుగవుతుండగా ఫుసాయె సిగ్గు విడిచి తనే అడిగింది. తమకు ముందు నిలబడ్డ ఆవిడ గొంతు తగ్గించింది. "మొదట ఎవరో పెద్దాయన ఇలా చేశారటండీ. బూడిదరంగు టోపీ. తపస్సు చేసిన మనిషిలా ఉన్నారట!"

ఫుసాయె నెమ్మదిగా తిరిగి మొగుడి టోపీ వంక చూసింది. "ఆ మహానుభావుడు తమరేనా?"

షిగెజో టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. నిజం ఒప్పుకుందామని కావలివాడి వైపు కదిలాడు. అంతలో అతను మెట్లకు అడ్డంగా తాడు కట్టేశాడు.

"నాలుగైంది, పైకి దారి మూసేశాం. వరుసలో ఉన్నవాళ్ళను మాత్రం పంపుతాను. వరుస వరుసే కదండీ."

ఇది ఉత్త వరుసని చెబితే ఎవరికీ దారి లేదు. షిగెజో నోరు తెరిచాడు. ఫుసాయె నడుం మీద గట్టిగా గిల్లింది. ఆ నోరు మూతపడింది. జీవితంలో వంకర గీత గీయనివాడు స్తంభాన్ని తాకి, తల వంచి, తాడు దాటాడు.

పై అంతస్తులో ఫుసాయె కళ్ళజోడు పెట్టుకుంది. "ఏదీ ఆ అతుకు?"

"ఇదిగో... కాదు, ఇక్కడ. ఇక్కడే ఉండాలే!"

వంగాడు, తడిమాడు, గోటితో గీశాడు. ఎన్ని భూకంపాలు, ఎన్ని మంచుకాలాలు దాటిందో ఆ దూలం! వెంట్రుక దూరే సందు కూడా లేదు. పొగచూరినట్టు నల్లబడిన ఒకే ఒక్క చెక్కలా ఉంది. షిగెజో కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఫుసాయె దూలం ఈ చివర నుంచి ఆ చివరి వరకూ వేలు నడిపింది. "చేసిన మీకే కనబడటం లేదా?"

"లేదే."

"అయితే నమ్ముతున్నాను," అంది.

నలభై ఏడేళ్ళ కాపురంలో ఆమె ఆయన మాట రుజువు లేకుండా నమ్మడం అదే మొదటిసారి.