ఆయిల్ సెపరేటర్ ఉన్న ఇల్లే ఇల్లు

జగిత్యాలలో ఇంటింటికీ ఒక ఆయిల్ సెపరేటర్ ఉండి తీరాలి! నవ్వకండి. నేను బాగా ఆలోచించే చెబుతున్నాను.

అదేమిటంటారా? రేస్ ట్రాక్ మీద కారును ఎడాపెడా తోలినప్పుడు ఇంజన్ ఆవిరితో పాటు నూనె తుంపర కూడా పైకి లేచి, మళ్లీ ఇంజన్‌లోకే పోతుందట. మధ్యలో ఈ అల్యూమినియం డబ్బా పెడితే ఆ నూనెను పట్టి ఆపుతుంది. మా పక్కింటి రిత్విక్ చెబితేనే నాకూ తెలిసింది.

రిత్విక్‌కు వ్యాపారం సిరిసిల్లలో, ప్రాణం కారులో. ఏడాదికోసారి దాన్ని లారీ ఎక్కించి చెన్నై ట్రాక్‌కు తీసుకుపోతాడు. మిగతా రోజుల్లో అది షెడ్డులో ముసుగు తన్ని పడుకుంటుంది. కారు అడుగు నేలను తాకేంత కిందికి దించేశాడు కాబట్టి అది మా వీధి చివర స్పీడ్ బ్రేకర్‌ను కూడా దాటలేకపోతోంది. ఎంత సుఖం! యాక్సిడెంట్ భయం లేదు, చలాన్ల బెడద లేదు! కోరుట్ల రోడ్డు మీద వడ్లు ఆరబోసుకున్న రైతులు కూడా అతన్ని పల్లెత్తు మాట అనరు. ఇంతకంటే మంచి కారు ఉంటుందా?

బరువు తగ్గాలని డ్రైవర్ సీటు తప్ప అన్నీ పీకేశాడు. దాంతో ట్రాక్ మీద ఒక్కో చుట్టుకు అర సెకను కలిసొచ్చిందట! వాళ్లమ్మ సునందగారికి మాత్రం ఒకటే ఆశ. కొడుకు కారులో కూర్చుని ధర్మపురి వెళ్లి గోదావరి చూసి రావాలని. కారు కొన్నప్పటి నుంచీ అడుగుతూనే ఉన్నారు.

మొన్న సెపరేటర్ పార్సిల్ వచ్చింది. బండికి కొత్త సామాను బిగిస్తే పూజ చేయించకుండా ఎట్లా? కారును గుడిదాకా నడపలేం. కనుక డబ్బానే ధర్మపురి పంపాలని నిర్ణయమైంది. ఎవరు తీసుకెళ్లాలి? సునందగారున్నారు, ఫ్రీ బస్సుంది!

పూజ రోజు సాయంత్రం ఆవిడ తిరిగొచ్చే వేళకు రిత్విక్ నా పాత స్కూటర్ వెనక కూర్చుని బస్టాండుకు వచ్చాడు. ధర్మపురి బస్సు కిక్కిరిసి వచ్చింది. సునందగారు చెమటలు కక్కుతూ, పసుపు కుంకుమలు పెట్టిన డబ్బాను చంటిపిల్లలా ఎత్తుకుని దిగారు. రిత్విక్ రెండు చేతులా డబ్బాను అందుకుని, అటూ ఇటూ తిప్పి చూస్తూ, దారిలో దీనికి ఎక్కడా సొట్ట పడలేదు కదా అని అడిగాడు.

“ఏం గాలే కొడుకా. ఒక్క సీటు దొరికితె దాన్నే కూసోవెట్టిన. నేను నిలవడి అచ్చిన.”

నిజమే. డబ్బా మీద చిన్న గీత కూడా పడలేదు.