ఒంటి చెప్పుల ముఠా

"దునియల ఏడ నేరం జరిగినా, దాని వాసన ముందుగాల నా ముక్కుకే తగుల్తది!" రామన్నపేట ఛాయ్ హోటల్లో ప్రకటించాడు దివాకర్. అతను ఓ దినపత్రికకు మండల విలేకరి. పరిశోధక డిటెక్టివ్ అన్న బిరుదు మాత్రం తనకు తానే ఇచ్చుకున్నాడు.

పాపం, ఆ ముక్కుకు నెల రోజులుగా వార్త వాసనే తగలలేదు. పంపినవన్నీ సన్మానాలూ, పుట్టినరోజు కేకులూనూ. పొద్దున్నే డెస్కు నుంచి కృష్ణకాంత్ సార్ ఫోను చేశాడు. "సాయంత్రానికి ఒక్క మంచి వార్త రాకుంటే ఐడీ కార్డు తిరిగిచ్చెయ్యవయ్యా."

ఆ కార్డు మెడలో లేకుంటే ఊళ్ళో తనను పలకరించేదెవరు? దివాకర్ ఛాయ్ సగంలో వదిలేసి రోడ్డెక్కాడు.

సరిగ్గా అప్పుడే హనుమమ్మ ఎదురొచ్చింది. కుడికాలికి చెప్పు లేదు! వెనకే ఎల్లస్వామి. అతనికి ఎడమకాలి చెప్పు లేదు!

దివాకర్ నల్ల కళ్ళద్దాలు తగిలించాడు. "అవ్వా, నీ చెప్పు ఎవడు ఎత్కపోయిండు?"

"ఎత్కపోవుడేంది బిడ్డా? నేనే పెట్టొచ్చిన."

"బెదిరించిన్రా? భయపడకు, నేనున్న."

"నువ్వున్నవనే గద భయం! జర జరుగు, ఇంత బువ్వ తినొస్త."

బాధితురాలి నోరు నొక్కేశారని తేల్చేసుకున్నాడు దివాకర్. ఇంతలో "లారొచ్చిందట!" అని ఎవరో అరిచారు. ఎల్లస్వామి పరుగందుకున్నాడు. నేరస్థుడు పారిపోతున్నాడని దివాకర్ వెంటపడ్డాడు. సాక్ష్యం నేరుగా డెస్కు వాట్సాప్ గ్రూపులో పెడదామని కెమెరా తెరిచి, ఫోను పట్టుకుని ఉరికాడు. మూసి ఉన్న ఎరువుల దుకాణం ముందు కాలు తట్టుకుని దభీమని పడ్డాడు. చెప్పులు చెల్లాచెదురయ్యాయి, మొదటిది పక్కనున్న మురికికాలవలో పడింది. రెండు రోజులుగా వార్తల కోసం అతను దాటుకుంటూ పోతున్న చెప్పుల వరసే అది.

లారీ రానేలేదు. హనుమమ్మ మాత్రం వచ్చింది. "నీ పాడుగాను! వరి ఎర్రబడ్తాంది, యూరియ కోసం మొన్నటి సంది లైన్ల ఉన్న. ముందు చెప్పు నాదే! మోర్ల పడేస్తివి గదరా!"

"ఒక్క చెప్పే ఎందుకు పెట్టినవ్ అవ్వా?"

"రెండూ పెడితె ఎవడన్న తొడుక్కపోడా?"

ఫోను మోగింది. కృష్ణకాంత్ సార్. చెప్పులు చెదరకముందే, తూలినప్పుడు వేలు తగిలి ఫొటో డెస్కుకు పోయిందట. మూసిన షట్టరు, దాని ముందు బారుగా ఒంటి చెప్పులు.

"అద్భుతం దివాకర్! రేపు జిల్లా పేజీలో ఇదే పెద్ద వార్త. ఎలా పట్టావయ్యా?"

"లోతుకు పోయిన సార్," అన్నాడు దివాకర్, నోట్లో మట్టి ఉమ్ముకుంటూ.

"పాత కార్డు పట్టుకుని ఇప్పుడే రా. కొత్తది ఇస్తాం."

దివాకర్ మెడ తడుముకున్నాడు. హనుమమ్మ అప్పటికే ఆ కార్డు లాక్కుని, వరసలో తన చెప్పున్న చోట పెట్టి, మీద రాయి కూడా పెట్టింది.

"రాలేను సార్," అన్నాడు దీనంగా. "కార్డు లైన్ల ఉంది."