రాజకుమారి టీలో తెల్లపొడి

అరసవల్లిలో నేరస్థులు ఇంకా ప్రశాంతంగా బతుకుతున్నారంటే దానికి ఒక్కటే కారణం. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా నేను షాపు మూసి పడుకుంటాను. మిగతా ఇరవై రెండు గంటలూ ఈ హరిచరణ్ మెదడు చురకత్తిలా పనిచేస్తూనే ఉంటుంది. పైకి చూస్తే గుడి వీధిలో ఒక జిరాక్స్ షాపు. జిరాక్స్ మిషను వెనక మాత్రం అపరాధ పరిశోధక కార్యాలయం. ఇప్పటిదాకా మూడు కేసులు చేపట్టాను. మొదటి కేసులో గుడి దగ్గర పోయిన చెప్పులు గంటలో పట్టుకున్నాను. అవి వేరేవాళ్లవని తర్వాత తెలిసింది. మిగతా రెండూ దర్యాప్తులో ఉన్నాయి.

నాలుగో కేసు పక్క షాపు నుంచే వచ్చింది. పక్కన రాజకుమారి టీ కొట్టు. అక్కలాంటిది కాబట్టి 'అప్పా' అంటాను. భర్త పోయిన దగ్గర్నుంచి పదకొండేళ్లుగా ఆ కొట్టు మీదే ఇద్దరు ఆడపిల్లల్ని చదివిస్తోంది. దర్శనం చేసుకుని వచ్చినవాళ్లు ఆమె టీ తాగకుండా ఆటో ఎక్కేవారు కాదు. అలాంటిది మూడు వారాలుగా అందరూ గ్లాసు సగంలో వదిలేసి, ఎదురుగా ఉన్న అసిరయ్య కొట్టుకి పోతున్నారు.

ఆ రోజు పొద్దున్నే ఆమె టీ గిన్నె తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"సూడు బావూ. రోజూ తోముతన్నాను. రోజూ ఇదే."

గిన్నె లోపలంతా తెల్లటి పొర. గోటితో గీకితే పొడి రాలింది.

"టీ ఉప్పగున్నాదంతన్నారు. నాకేటీ తోచటం నేదు."

నేను భూతద్దం తీసి, కనుబొమ్మ ఎగరేసి, మూడు నిమిషాలు మౌనం పాటించాను. మౌనం డిటెక్టివ్‌కి బరువు తెస్తుంది.

"అప్పా, ఇది మామూలు పొడి కాదు. నీ వెనక ఒక అదృశ్య హస్తం పనిచేస్తోంది."

"బోరు నీళ్ల సున్నమేమో అనుకున్నాను. ఆర్.ఓ. మిషను పెట్టకముందు ఇలాగే పట్టీది."

"మిషను ఉండగా సున్నం ఎలా వస్తాది? పోయిన నెలే దానికి ఉప్పు వడగట్టే కొత్త మెంబ్రేన్ పడింది. మిషనుని కాదు, మనుషుల్ని అనుమానించు. నీ టీ పాడైతే ఎవడికి లాభం?"

ఆమె కళ్లు తెలియకుండానే వీధి అవతలికి పోయాయి.

"అసిరయ్యన్న అలాటోడు కాడు. మా ఆయన పోయినప్పుడు నెల్లాళ్లు నా కొట్టు కూడా ఆయనే నడిపాడు."

"పట్టుబడేదాకా అందరూ మంచివాళ్లే అప్పా."

ఆమె గిన్నె తీసుకుని వెళ్లిపోయింది. దాన్ని నేను అంగీకారం కింద రాసుకున్నాను.

మారువేషం తప్పనిసరి అయింది. ఒరిస్సా యాత్రికుడిలా భుజాన తువ్వాలు వేసుకుని, పాత నాటకాల పెట్టెలోని గడ్డం తీసి, షాపులో ఉన్నవాటిలోకెల్లా గట్టి గమ్ముతో అంటించుకున్నాను. అసిరయ్య బల్ల మీద కూర్చుని, గొంతు మార్చి, "భాయి, చా" అన్నాను.

అసిరయ్య నవ్వి ఒడియాలో గడగడా మాట్లాడటం మొదలుపెట్టాడు. ఏవో ప్రశ్నలని తోచింది. అన్నింటికీ తలాడించాను. చివరికి ఆయన టీ వడపోస్తూ, "పంచదార తక్కువేనా, హరీ?" అన్నాడు.

బల్ల మీద ఎనిమిది మంది నవ్వారు. ఆ నవ్వుకి నాలో డిటెక్టివ్ పోయి ఉక్రోషం మిగిలింది. లేచి నిలబడి అనేశాను.

"రాజకుమారప్ప టీలో తెల్లపొడి కలుపుతున్నది నువ్వే."

అసిరయ్య చేతిలో గరిటె ఆగింది. నన్ను చూడలేదు. వీధి అవతల, గుమ్మంలో నిలబడ్డ రాజకుమారిని చూశాడు.

"సెల్లీ, నువ్వూ అలాగే అనుకుంతన్నావేటి?"

కాదని ఆమె వెంటనే అనలేకపోయింది. ఒక్క క్షణం ఆలస్యమైంది. ఆయనకి ఆ క్షణం చాలింది. పొయ్యి కట్టేసి, గ్లాసులు బోర్లించి, పొద్దున్న తొమ్మిదింటికి షట్టరు సగానికి పైగా దించుకుని లోపల కూర్చున్నాడు.

నేను గొప్ప విజయం సాధించిన మొహం పెట్టుకుని వెనక్కి వచ్చాను. పీకితే ఆ మొహం మీంచి గడ్డం రాలేదు. రాజకుమారి కొట్టు వెనక, ఆర్.ఓ. మిషను వదిలేసే వేస్టు నీళ్లకి ఒక డ్రమ్ము ఉంటుంది. నేల కడగటానికి ఆ నీళ్లు వాడుతుంది. సబ్బు రాసుకుని, డ్రమ్ములోంచి చెంబుతో మొహం మీద పోసుకున్నాను.

నురగ వచ్చింది. రుద్దినకొద్దీ ఇంకా వచ్చింది. మెడ దాటి చొక్కాలోకి దిగింది. నాలుగు చెంబులు పోసినా జిగట వదలలేదు. కళ్లు మండి కేకేశాను. రాజకుమారి పరుగెత్తుకొచ్చింది.

"అప్పా, గడ్డం రాటం నేదు."

"గడ్డం అలగుండనీ. ఈ నురగేటి?"

"సబ్బు."

"పదకొండేళ్లగా సూస్తన్నాను. ఈ వీధి నీళ్లకి సబ్బు అరగటమే గానీ నురగ రాదు. అందులోనూ ఇవి ఉప్పంతా చేరిన వేస్టు నీళ్లు."

డ్రమ్ములోకి కారుతున్న పైపు కింద గ్లాసు పట్టి రుచి చూసింది. లోపలికెళ్లి మిషను కుళాయి విప్పి ఒక గుక్క నోట్లో పోసుకుంది. వెంటనే ఉమ్మేసింది.

"మంచినీళ్లు డ్రమ్ములోకి పోతన్నాయి. ఉప్పంతా నా టీలోకొస్తన్నాది. పైపులు తారుమారు బిగించారు." ఆమె నా వైపు తిరిగింది. "ఆ మెంబ్రేను బిగించినోలు ఎవలు?"

కొత్త మెంబ్రేన్ 'పడింది' అన్నాను గదా. అది దానంతటదే పడలేదు. మెకానిక్కు వచ్చేదాకా ఆగటం దేనికని, ఫోనులో వీడియో చూస్తూ నేనే బిగించాను. మెంబ్రేన్ డబ్బా చివర రెండు తెల్ల పైపులుంటాయి. ఒకటి మంచినీళ్లది, ఒకటి వేస్టుది. ఏది ఏదో వీడియోలో చెప్పే సమయానికి నేను పూర్తి ఆత్మవిశ్వాసంలో ఉన్నాను.

"నేనే అప్పా."

మొహం నిండా నురగ ఉండటం ఒక్కటే ఆ రోజు నాకు జరిగిన మేలు.

ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "టీ పోతే మళ్లీ కాసుకోవచ్చు. ఆ మనిసి కొట్టు మూసుకు కూకున్నాడు. దానికేటి సేస్తావు?" అంది.

పైపుల వైపు చెయ్యి చాపాను. ఆ చేతి మీద ఒక్కటి వేసి, పైపులు తనే మార్చుకుంది. ట్యాంకు వంచేసి, కడిగి, మళ్లీ నిండేదాకా ఇద్దరం అక్కడే కూర్చున్నాం. అప్పుడు టీ పెట్టి, గ్లాసు నా చేతికిచ్చి వెనకే నడిచింది. సగం ఊడిన గడ్డంతో, అందరూ చూస్తుండగా వీధి దాటి షట్టరు కొట్టాను. అసిరయ్య దాన్ని నడుం దాకా ఎత్తి వంగి చూశాడు.

"మావా, అప్ప మిషనుకి పైపులు తిప్పి పెట్టినోడిని నేనే. ఏటీ తెలీకుండా నిన్ను పది మందిలో అన్నాను. తప్పయిపోయింది."

ఆయన నా వెనక చూశాడు.

"అన్నా, ఆ ఒక్క సెనం..." అని రాజకుమారి కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

అసిరయ్య గ్లాసు తీసుకున్నాడు. పెదవుల దాకా తెచ్చి ఆగి, మళ్లీ నాకే ఇచ్చాడు.

"ముందు నువ్వు తాగు."

వీధంతా చూస్తుండగా రెండు గుక్కలు తాగాను. పాత రుచి వచ్చేసింది. ఆయన నా కళ్లూ నాలుకా పరీక్షగా చూసి, ఇంకొంచెం సేపు ఆగాడు.

"ఇంకా నిలబడే ఉన్నాడు సెల్లీ" అని గ్లాసు అందుకుని, షట్టరు పైదాకా ఎత్తేశాడు.