మంత్రిగారి వాటా వంజరం

రాష్ట్రంలో చట్టం తెలియని మనిషి ఒక్కడు కూడా మిగలరాదని చట్ట చైతన్య శాఖ మంత్రి పద్మనాభయ్యగారు తీర్మానించారు. నెల్లూరులో విలేకరులను పిలిచి, "సివిల్ అంటే ఏంటో, క్రిమినల్ అంటే ఏంటో నిద్రలో లేపి అడిగినా జనం చెప్పేట్టు చేస్తాం. నిద్ర లేపడానికి సిబ్బందిని కూడా నియమిస్తున్నాం" అని ప్రకటించారు. ఈ కార్యక్రమానికి 'చట్టం మీ చుట్టం' అని ఆయనే పేరు పెట్టారు. పేరు వినగానే విలేకరులు నవ్వారు. ఎందుకు నవ్వారో ఆయనకు ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

మొదటి సభకు మా వాకాడు మండలంలోని నల్లగడ్డపాళెం ఎంపికైంది. అక్కడ చట్టం తక్కువని కాదు, వెనక సముద్రం ఉంటే ఫొటో బాగా వస్తుందని. మైకు సెట్టు నాది. జడ్సన్ సౌండ్స్ అంటే మనుబోలు నుంచి నాయుడుపేట దాకా తెలుసు. ఆదివారం పాస్టరుగారి ముందూ, మిగతా రోజులు నాయకుల ముందూ నేను పెట్టేది ఒకటే మైకు. ఎవరు ఏం మాట్లాడినా అది నమ్మకంగా పెద్దది చేసి వినిపిస్తుంది.

ఆ రోజు మంత్రిగారు ఇసుకలో బూట్లు కూరుకుపోతున్నా లెక్కచేయకుండా మాట్లాడారు. చట్టాన్ని అంత తేలిగ్గా చెప్పినవాణ్ణి నేను చూడలేదు.

"గట్టు జరిపితే సివిల్. గట్టు జరిపినోడి తల పగలగొడితే క్రిమినల్. ఇద్దరూ కలిసి నా దగ్గరికి వస్తే అది ప్రజాసేవ!"

చప్పట్లు మోగాయి. పక్కనే ఉన్న న్యాయ సలహాదారు వినోద్‌గారు, నల్ల కోటులో చెమటలు కక్కుతూ, మిగిలిన ముక్క పూర్తిచేశారు. "చట్టం వేరు, కట్టుబాటు వేరు. చట్టం తప్పితే పోలీసులు వస్తారు, కోర్టు శిక్ష వేస్తుంది. కట్టుబాటు తప్పితే ఎవరూ రారు. ఊళ్ళోవాళ్ళు అదోలా చూస్తారు, అంతే."

ముందు వరసలో కూర్చున్న మాలకొండమ్మ లేచింది. ఊళ్ళో పెద్ద వల ఆమెదే. నోరు అంతకంటే పెద్దది.

"అబ్బయ్యా, పోలీసులొస్తే పోతారు గదా. ఊరోళ్ళు యాడికి పోతారు?"

"మంచి ప్రశ్న" అన్నారు వినోద్‌గారు. మా ప్రాంతంలో జవాబు లేని ప్రశ్నను అలాగే అంటారు.

తర్వాతి అంశం ఫొటో. పొద్దునే పడవలో తీసుకుపోయి సముద్రంలో చుట్టూ వేసిన పెద్ద వలను ఒడ్డు మీదికి లాగుతున్నారు. ఆడా మగా తాడు పట్టుకుని, "ఐలెస్సా" అంటూ వెనక్కి వాలుతున్నారు. మంత్రిగారు పంచె ఎగ్గట్టి వరస మధ్యలో దూరి తాడు మీద చేతులు వేశారు. ముఖంలో శ్రమ కనిపించింది. ఫొటోగ్రాఫరు ఇంకొంచెం శ్రమ కావాలన్నాడు. అదీ కనిపించింది.

వల ఒడ్డుకొచ్చింది. ఊరి కట్టుబాట్లు చూసే పెద్దకాపు కామాక్షయ్య చేపలు కుప్పలు పోసి, తాడు పట్టిన వాళ్ళందరికీ వాటాలు పంచాడు. మంత్రిగారి వంతుకు మోచేతంత వంజరం చేప తెచ్చి రెండు చేతులతో అందించాడు.

మంత్రిగారు చేతులు చాచారు. సరిగ్గా అప్పుడే ప్రతిపక్షం కుర్రాళ్ళు నలుగురు ఫోన్లు పైకెత్తి వీడియో తియ్యడం మొదలుపెట్టారు. వినోద్‌గారు ఒక్క దూకు దూకారు.

"సార్, ముట్టుకోకండి! పదవిలో ఉన్నారు. లంచం కింద వస్తుంది. అవినీతి నిరోధక చట్టం. క్రిమినల్!"

మంత్రిగారు చేతులు వెనక్కి లాక్కున్నారు. వంజరం దబ్బున ఇసుకలో పడింది.

"ఎంత పని చేసినారు సామీ!" అన్నాడు కామాక్షయ్య. "తాడు లాగిన చెయ్యి ఉత్తగా పోకూడదు. వాటా తీసుకోందే ఆ వల మళ్ళా నీళ్ళల్లో దిగదు. మా తాతల కాడ్నించీ ఇంతే."

"దిగితే ఏమవుతుంది?" అన్నారు మంత్రిగారు.

"దిగదయ్యా."

"ఒకవేళ దించితే?"

"ఎవురు దించుతారు?" అన్నాడు కామాక్షయ్య, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు.

ఇక్కడ సంగతి నవ్వులాట కాదు. వేట నిషేధం అయిపోయి వారం కూడా కాలేదు. రెండు నెలలు పస్తులున్నట్టే ఉన్న ఊరు అది. ఆ పూటే కానాగంత చేపల గుంపు ఒడ్డుకు దగ్గరగా వచ్చి, నీళ్ళు నల్లగా కనిపిస్తున్నాయి. పైన కొంగలు గోల గోలగా తిరుగుతున్నాయి. ఇప్పుడు వల వేస్తే ఊరు గట్టెక్కుతుంది. గుంపు దక్షిణానికి జారిపోతే మళ్ళీ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు.

మంత్రిగారు కారెక్కబోయారు. ఆడవాళ్ళు కారు ముందు నిలబడ్డారు.

"ఇది ధర్నానా?" అని ఎస్.ఐ. అడిగాడు.

"ధర్నా కాదు సార్, వాటా" అన్నారు వాళ్ళు.

దాంతో తుఫాను షెల్టరులో అత్యవసర సమావేశం జరిగింది. వంజరాన్ని బల్ల మీద మధ్యలో పెట్టారు. నా మైకు కూడా పెట్టమన్నారు, ప్రజాస్వామ్యంలో దాపరికం ఉండకూడదని. నిర్ణయం లేకుండా అంత చురుగ్గా సాగిన సమావేశం ఈ జిల్లాలో మరొకటి ఉండదు.

"కూలి అనుకుంటే?" అన్నారు మంత్రిగారు.

"కార్మిక చట్టం వస్తుంది సార్. మంత్రి కూలికి వెళ్ళాడంటే పదవికి ప్రమాదం. రాజ్యాంగం."

"బహుమతి?"

"ట్రెజరీలో జమ చెయ్యాలి."

ట్రెజరీకి ఫోన్ చేశారు. అటువైపు గుమాస్తా చాలాసేపు ఆలోచించి, చేపను జమ రాసే పద్దు, అంటే హెడ్ ఆఫ్ అకౌంట్, లేదనీ, ఎండబెట్టి తెస్తే స్టేషనరీ కింద ప్రయత్నిస్తాననీ అన్నాడు.

"పోనీ, కొనుక్కుంటాను. అది కాంట్రాక్టు, సివిల్!" అన్నారు మంత్రిగారు, తన ఉపన్యాసం తనకే ఉపయోగపడినందుకు మురిసిపోతూ.

ఆ మాట లౌడ్‌స్పీకరులో బయటికి వినపడింది. మాలకొండమ్మ కిటికీలోంచి తల లోపలికి పెట్టింది. "వాటాకి రేటు కడతావా? పెళ్ళికి పిలిచి ఆకేస్తే ఇడ్లీ ఎంత అని అడుగుతావా నువ్వు?"

"అమ్మా, ఇది తీసుకుంటే నాకు జైలు. ఇచ్చినందుకు నీకూ జైలు."

"చేపిచ్చినందుకా?"

"ఆ."

"తాడు లాగినోళ్ళకి ఇయ్యకపోతే?"

"దానికేం లేదు."

మాలకొండమ్మ కాసేపు ఆయన్ని అదోలా చూసింది. వినోద్‌గారు పొద్దున చెప్పిన చూపు ఇదేననుకుంటాను. మంత్రిగారు కండువా సర్దుకుని, గోడ వైపు తిరిగి కూర్చున్నారు.

మధ్యాహ్నానికి చేప తన అభిప్రాయం చెప్పడం మొదలుపెట్టింది. ఎస్.ఐ. దాన్ని సాక్ష్యంగా స్వాధీనం చేసుకుని తోకకు చీటీ కట్టాడు, కానీ స్టేషనుకు మాత్రం తీసుకుపోనన్నాడు. అప్పుడు మంత్రిగారు చరిత్రాత్మక నిర్ణయం తీసుకున్నారు. నా మైకు అందుకుని, షెల్టరు బయటికొచ్చి, సముద్రం వైపు తిరిగి చదివారు:

"నల్లగడ్డపాళెంలో తాడు లాగినవారికి వాటా ఇచ్చే కట్టుబాటును ప్రభుత్వం తక్షణమే రద్దు చేస్తున్నది!"

ఊరంతా చప్పట్లు కొట్టింది. పెద్దమనిషి అంత దూరం నుంచి వచ్చి ఏదో రద్దు చేశాడు కదా, మర్యాద ఉండాలి. చప్పట్లు కొట్టి, ఎవరి చోట వాళ్ళు మళ్ళీ కూర్చున్నారు.

"రద్దు చేశాం కదా!" అన్నారు మంత్రిగారు.

"చేసినారయ్యా. శానా సంతోషం" అన్నాడు కామాక్షయ్య.

"మరి వల దించండి."

"ఎట్ట దించేదయ్యా, తమరు వాటా తీసుకోందే?"

నీళ్ళలో నలుపు కొంచెం కొంచెంగా దక్షిణానికి జరుగుతోంది. కొంగలు కూడా జరుగుతున్నాయి. మాలకొండమ్మ అటు చూసింది, వలకేసి చూసింది, ఆ పెద్ద నోరు మూసుకుని ఏడ్చింది. చెప్పొద్దూ, నాకు మంత్రిగారి మీద అంతవరకూ ఉన్న గౌరవంలో చిన్న గరగర వచ్చింది, వైరు వదులైనప్పుడు వచ్చేలాంటిది.

ఉన్నట్టుండి ఆమె ముక్కు చీది, కొంగుతో చెయ్యి తుడుచుకుని, తిన్నగా వచ్చి మంత్రిగారి చెయ్యి పట్టుకుంది. గన్‌మాన్ ముందుకు దూకాడు. "మంత్రిగారి మీద చెయ్యి! క్రిమినలేనా సార్?" అని ఎస్.ఐ. అరిచాడు. వినోద్‌గారు కాసేపు పరిశీలించి, చెయ్యి చూసి జాతకం చెప్పడం నేరం కాదన్నారు.

ఆమె చూసింది జాతకం కాదు. తన అరచెయ్యి పక్కన ఆయన అరచెయ్యి పెట్టింది. ఆమెది తాడు కోసి ఎర్రగా కమిలిపోయి ఉంది. కామాక్షయ్యదీ అంతే. మంత్రిగారిది అప్పుడే ఊడ్చి ముగ్గెయ్యబోయే వాకిలిలాగా శుభ్రంగా ఉంది.

"ఒక్క గీత లేదే! నువ్వు లాగలేదయ్యా. ఉత్తినే పట్టుకోని నిలబడినావు!"

"లాగాను! రాష్ట్రమంతా చూసింది!" అని గర్జించారు మంత్రిగారు.

కామాక్షయ్య ముఖం మాత్రం వెలిగిపోయింది. "లాగకపోతే వాటా లేదు సామీ. వాటా లేకపోతే పేచీనే లేదు. ఆ ఒక్క మాట తమరి నోటితో చెప్పండి, ఇప్పుడే వల దించుతాం."

వినోద్‌గారు చెవిలో ఊదారు. "చెప్పెయ్యండి సార్. లాగకపోతే లంచమూ లేదు. కేసు క్లోజ్."

మంత్రిగారు ప్రతిపక్షం ఫోన్ల వైపు చూశారు. చేప వైపు చూశారు. గాలి అటునుంచే వీస్తోంది. చివరికి నా మైకు దగ్గరికి వచ్చారు.

"నేను తాడు లాగలేదు. పట్టుకుని నిలబడ్డాను."

ఇన్నేళ్ళలో నా ఆంప్లిఫయరు అలాంటి మాట మొయ్యలేదు. ఒక్కసారి కీచుమని, సర్దుకుంది.

తర్వాత మాటలకు టైము లేదు. పడవ వలతో అలల్లోకి దూకింది, నలుపు చుట్టూ తిరిగి వచ్చింది. గుంపు పోకముందే లాగాలి, చేతులు చాలవు. ఎస్.ఐ. టోపీ తీసేసి తాడు పట్టాడు. ప్రతిపక్షం కుర్రాళ్ళు ఫోన్లు జేబులో పెట్టుకుని పట్టారు. గన్‌మాన్ పట్టాడు, నేను పట్టాను. వినోద్‌గారు కోటు విప్పి ఇసుకలో పారేసి అందరికంటే ముందు నిలబడి లాగారు. మంత్రిగారు మాత్రం చట్టాన్ని గౌరవిస్తూ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు.

కానాగంతలు కుప్పలు పడ్డాయి. మాలకొండమ్మ నవ్వుతూ, తిడుతూ, ఏ పార్టీ అని అడక్కుండా అందరికీ వాటాలు పోసింది. వరస చివర మంత్రిగారి దగ్గరికి వచ్చి, పక్కకు తిరిగి, వెళ్ళిపోయింది. ఆయన కాసేపు అక్కడే నిలబడి, వినోద్‌గారిని దూరంగా పిలిచారు.

"నాకు ఇవ్వలేదేమయ్యా?"

"మీరు లాగలేదు కదా సార్."

"మంత్రికి ఇవ్వకపోవడం ఏ సెక్షన్ కింద వస్తుంది?"

"సెక్షన్ లేదు సార్. అది కట్టుబాటు."

"మరి నీ సంచిలో ఉన్నదేంటి? నువ్వూ గవర్నమెంటు మనిషివే. లంచం కాదూ?"

వినోద్‌గారు సంచి జాగ్రత్తగా చంకలో పెట్టుకుని, కమిలిన అరచెయ్యి తెరిచి మంత్రిగారికి చూపించారు.