నలభై మూడో మూత

ఊరి పల్లాన ఉన్న కాలనీకి వంద రోజుల్లో వంద శాతం భూగర్భ డ్రైనేజీ కల్పించి తీరతామని మున్సిపల్ చైర్మన్‌గారు మైకులో ప్రకటించారు. మాట మీద నిలబడే మనిషి కాబట్టి వంద రోజులు కూడా తీసుకోలేదు. పదకొండో రోజుకే పని పూర్తి చేయించారు.

ఈ ప్రకటన విని అందరికంటే ఎక్కువ సంతోషించింది ఇస్త్రీ పెద్దమ్మ. కాలనీ మొత్తానికీ పల్లంలో ఉన్న ఇల్లు ఆవిడదే. ఎగువ వీధులవాళ్ళు స్నానాలు చేసినా, గిన్నెలు తోమినా, ఇంకేం చేసినా ఆ నీళ్ళన్నీ తిన్నగా ఆవిడ గుమ్మం ముందుకొచ్చి ఆగిపోయేవి. ఆ మడుగు పక్కనే ఇస్త్రీ బల్ల. ఎంత నలగకుండా మడతపెట్టి ఇచ్చినా, విప్పేసరికి బట్టల్లోంచి ఆ వాసనే. టీచరమ్మ బట్టలు వెయ్యడం మానేసింది. బ్యాంకు మేనేజరూ మానేశాడు. చివరికి మిగిలినవి చైర్మన్‌గారి తెల్లబట్టలే. వాటి కోసం పెద్దమ్మ ఎగువ వీధి పంపు దాకా నడిచి బిందెడు మంచినీళ్ళు తెచ్చేది. చిలకరించి, ఇస్త్రీ పెట్టెతో రుద్ది, వేడి ఆరకముందే ప్లాస్టిక్ సంచిలో కట్టి పంపేది. ఆ ఒక్క ఇల్లూ జారిపోతే బల్ల ఎత్తెయ్యడం తప్ప దారి లేదు.

పదకొండో రోజు లారీలో నలభై రెండు ఇనప మూతలు దిగాయి. పనివాళ్ళు జానెడు లోతు తవ్వడం, మూత కూర్చోబెట్టడం, చుట్టూ సిమెంటు పూయడం, ఇంజనీరు దాన్ని ఫొటో తీయడం. ఇలా వరసగా సాగిపోతున్నారు. పెద్దమ్మ కాసేపు చూసి ఉండబట్టలేక ఇంజనీరుని అడిగింది.

"నాయనా, గొట్టాలేవి?"

"గొట్టాలు వేరే సెక్షనమ్మా. మాది మూతల సెక్షన్."

"ముందు గొట్టాలు వేసి కదా మూత పెట్టేది?"

"అంతే. కానీ వాళ్ళకి టెండరే కాలేదు. వాళ్ళ కోసం మేం గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవాలా?"

ఇంత పట్టుదల గల అధికారి దొరకడం ఏ ఊరికైనా అదృష్టమే. మూత ఉందంటే కాలువ ఉన్నట్టేనని ఆఫీసు కంప్యూటరుకి నేర్పింది ఎవరో గాని, సాయంత్రానికల్లా అది ఫొటోల్లోని నలభై రెండు మూతలూ లెక్కపెట్టి, కాలనీలో డ్రైనేజీ వంద శాతం పూర్తయిందని తేల్చేసింది. నెల తర్వాత గొట్టాల సెక్షన్‌వాళ్ళు లారీలతో వచ్చి, రికార్డు చూసుకుని తలలు పట్టుకున్నారు. ఉన్న డ్రైనేజీ మీద మళ్ళీ డ్రైనేజీ వేయకూడదట. తెచ్చిన గొట్టాలు వృథా కాకుండా తీసుకెళ్ళి చైర్మన్‌గారి వీధిలో పాత గొట్టాల పక్కన జతగా వేశారు.

పెద్దమ్మ కోడల్ని తోడు తీసుకుని మున్సిపల్ ఆఫీసుకు వెళ్ళింది. డ్రైనేజీ లేదని ఫిర్యాదు చేయడానికి ఫారంలో గడి లేదు. పూడుకుపోయిందని రాసేందుకు మాత్రం ఉంది. కోడలు అదే రాసింది. ఫిర్యాదు అందిన మూడో రోజే మురుగు లాగే లారీతో ఇంజనీరు వచ్చాడు. మూత ఎత్తారు. కింద నేల ఉంది. పనివాడు లారీ గొట్టం ఆ నేలకి ఆనించి అరగంట లాగాడు. చెంచాడు దుమ్ము వచ్చింది.

ఇంజనీరు ముఖం వెలిగిపోయింది. "ముప్పై ఏళ్ళ సర్వీసులో ఇంత శుభ్రమైన డ్రైనేజీ చూడలేదు. లోపల చుక్క మురుగు లేదు."

"మురుగంతా బయటే ఉంటే లోపలెలా ఉంటుంది నాయనా? ఈ మడుగు చూడు."

ఇంజనీరు చూశాడు. చాలాసేపు ఆలోచించాడు. "కాలువ ఉంది. అది పొంగలేదు. అంటే ఇవి మురుగునీళ్ళు అయ్యే అవకాశమే లేదు."

"మరింకేం నీళ్ళు?"

"ఊట."

ఊట అన్నాక దానికి పద్ధతంటూ ఉంటుంది. వారం తిరక్కుండా గుండ్రటి ముద్రతో, చైర్మన్‌గారి సంతకంతో కాగితం వచ్చింది. కోడలు చదివి వినిపించింది. ఇంటి ముందున్నది సహజమైన ఊటనీరనీ, స్వచ్ఛమైనదనీ, ఇంటి అవసరాలన్నిటికీ నిరభ్యంతరంగా వాడుకోవచ్చనీ ఉంది. కింద ఇంకో ముక్క కూడా ఉంది. గుమ్మంలోనే ఊట ఉన్నవాళ్ళు ఇకమీదట ఎగువ వీధి పంపు దగ్గర నీళ్ళు పట్టకూడదు.

ఆ మర్నాడే కాలనీకి ఉత్తమ డ్రైనేజీ బహుమతి వచ్చిందని కబురు. బహుమతి సభకి చైర్మన్‌గారు వేసుకోవాల్సిన తెల్లబట్టలు పొద్దున్నే ఆయన డ్రైవరు తెచ్చి బల్ల మీద పెట్టాడు. పదకొండింటికల్లా కావాలన్నాడు. కోడలు బిందె పట్టుకుని పంపు దగ్గరికి వెళ్ళి, ఖాళీ బిందెతో తిరిగొచ్చింది.

"వాచ్‌మన్ పట్టనివ్వలేదత్తా. మీకు ఊట ఉందిగా అన్నాడు."

పెద్దమ్మకి ఏడుపొచ్చింది. ఇంత చేసుకొచ్చి చివరి వాడుక కూడా ఇలా పోతుందా అనుకుంది. తర్వాత కోపమొచ్చింది. మేకుకి గుచ్చిన కాగితం వైపు చూసింది.

"అన్ని అవసరాలకీ అని రాశారు కదే?"

"రాశారత్తా. సంతకం కూడా ఉంది."

పెద్దమ్మ చెంబు తీసుకుని గుమ్మం దిగింది. నిండా ముంచి తెచ్చి, చైర్మన్‌గారి చొక్కా మీద వెనకాముందూ ఏ లోటూ లేకుండా చిలకరించింది. ఇస్త్రీ పెట్టె ఆనించగానే లేచిన ఆవిరికి కోడలు కొంగుతో ముక్కు మూసుకుంది.

సభ స్కూలు హాల్లో జరిగింది. జనం ఎక్కువ, ఫ్యాన్లు తక్కువ. చైర్మన్‌గారికి చెమట పట్టేకొద్దీ వేదిక మీది కుర్చీలు ఒక్కొక్కటీ దూరం జరిగాయి. బహుమతి ఇవ్వడానికొచ్చిన పై అధికారి చెయ్యి మాత్రం చాచి ఇచ్చాడు. చైర్మన్‌గారు మైకుకి చెయ్యి అడ్డం పెట్టి ఇంజనీరుని అడిగారు.

"ఏమయ్యా, ఏదో వాసన రావట్లేదూ?"

ఇంజనీరు రుమాలులోంచే జవాబిచ్చాడు. "మన రికార్డుల్లో వాసన లేదు సార్."

చైర్మన్‌గారు ధైర్యం తెచ్చుకుని ఉపన్యాసం ముగించారు. ఒక చేత్తో ముక్కు మూసుకున్నవాళ్ళు రెండో చేత్తో బల్లలు చరిచి హర్షం తెలిపారు.

సాయంత్రం డ్రైవరు వచ్చాడు. "పెద్దమ్మా, ఏ నీళ్ళు చల్లావో సార్ కనుక్కోమన్నారు."

పెద్దమ్మ మేకు మీది కాగితం తీసి చేతికిచ్చింది. డ్రైవరు చదివాడు. సంతకం దగ్గర ఆగాడు. మడుగు వైపు చూశాడు. కాగితం జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఇక ఆ ఇల్లు కూడా పోయినట్టేనని పెద్దమ్మ రాత్రంతా కుమిలిపోయింది.

తెల్లారేసరికి డ్రైవరు మళ్ళీ వచ్చాడు. చేతిలో ఇంకో జత తెల్లబట్టలు.

"ఇక్కడ వెయ్యడం మానేస్తే ఊట గురించి నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారట. చల్లేటప్పుడు కొంచెం చూసి చల్లమన్నారు సార్. వెంటనే చర్య తీసుకోమని ఇంజనీరుగారికి కూడా చెప్పారు."

ఆ మాట పూర్తవుతుండగానే మలుపులో లారీ చప్పుడైంది. ఇన్నాళ్ళకి గొట్టాలొచ్చాయని పెద్దమ్మ కోడల్ని కేకేసి బల్ల పక్కకి జరిపించింది.

ఇంజనీరు దిగాడు. వెనక పనివాళ్ళు మూత ఒకటి దొర్లించుకొచ్చి మడుగు మధ్యలో పడేశారు. అది నెమ్మదిగా మునిగిపోయింది.

"త్వరగా ఫొటో తియ్యండయ్యా" అన్నాడు ఇంజనీరు.

పెద్దమ్మ బల్లని మళ్ళీ దాని చోటికి లాక్కుంది. తర్వాత చెంబు తీసుకుని గుమ్మం దిగింది.