లేచొచ్చిన నాయన

శామ్‌కూ మహిమకూ ఆదివారం చర్చిలో ప్రధానం, ఉంగరాలు మార్చుకోవాలి. శుక్రవారం పొద్దున్నే కర్నూలులో చీర తీసుకొని, మార్నింగ్ షో చూసి, భోంచేసి ఎవరి ఊరికి వాళ్ళు పోవాలన్నది ఏర్పాటు. పెండ్లికొడుకు తండ్రి ఏసురాజుది నందికొట్కూరు. పెండ్లికూతురు తల్లి కృపమణి వేంపల్లెలో సండేస్కూలు టీచరు. ఇద్దరూ చిన్నప్పుడు మెచ్చుకున్న ఎగిరే వీరుడి సినిమానే మళ్ళీ కొత్తగా తీశారని తెలిసి, వియ్యాలవారికి మాట కలుస్తుందని శామ్ నాలుగు టికెట్లు తీశాడు.

సినిమా అయింది. హోటల్లో భోజనాలు రాకముందే ఏసురాజు తీర్పు చెప్పాడు.

"పాతదాని ముందర ఇది నిలబడదు. చచ్చిన వీరుని నాయనను అట్లే వదిలేసినారు. పాతదాంట్లో లేచొస్తాడు గదా!"

కృపమణి మంచినీళ్ళ గ్లాసు దించింది. "ఎవరు లేచొచ్చేదన్నా? నేను కడపలో మూడుసార్లు చూసినా. పోయినోడు పోయినట్లే."

"నేను మా ఊరి సినిమా డేరాలో తొమ్మిదిసార్లు చూసినా చెల్లెమ్మా. ముందు యుద్ధమంతా అయిపోతాది. ఆ తరవాత నాయన లేచొస్తాడు. ఆ వీరుడు చిన్నపిల్లోడై అమ్మ ఒళ్ళో పండుకుంటాడు. అంతే, శుభం."

"అంత మనిషి చిన్నపిల్లోడెట్ల అయితాడన్నా?"

"శక్తులుండాయి గదమ్మా వానికి!"

కృపమణి నవ్వింది. ఆ నవ్వు ఏసురాజుకు గుచ్చుకుంది. "చచ్చినోళ్ళు లేచేది పిల్లోళ్ళకు చెప్పేదానివి. నువ్వే నమ్మకుంటే ఎట్ల?"

"నా విశ్వాసం జోలికి రావద్దు. చూడంది చూసినానని చెప్పే మనిషి, కొడుక్కు తాగుడు లేదన్నాడు. అదెంత నిజమో!"

"అమ్మా!" అంది మహిమ.

"నువ్వూరకుండు. ఆ చీర కవరు ఆడ పెట్టు. ప్రధానం సంగతి మళ్ళ చూద్దాం."

మహిమ కవరు బల్ల మీద పెట్టింది గాని చెయ్యి తీయలేదు.

"ఆ నాయన లేచొచ్చినాడనేదానికి సాక్షి ఉండాడా?" అంది కృపమణి.

"సినిమా ఆడించినోడే ఉండాడు! శామూ, డేరా ఆపరేటరు ఓబుళేశుకు ఫోన్ చెయ్. అందరికీ ఇనపడేట్ల పెట్టు."

ఏసురాజు సినిమా పేరు చెప్పి అడగ్గానే ఓబుళేశు గొంతు హోటలంతా వినబడింది. "ఆ సినిమానా? రెండు డేరాలకు ఒకటే ప్రింటప్పా. పక్కూరోళ్ళు మొదటి సగం ఆడిస్తాంటే మేము రెండో సగం ఆడిస్తాంటిమి. ఇంటర్వల్‌లో సైకిల్ మీద రీళ్ళు మార్చుకుంటాంటిమి. ఇరవై దినాలు ఒక్కడూ అడగలే. నువ్వయితే వచ్చినప్పుడల్లా ఏడ్చుకుంటా పోతాంటివి."

ఈలోగా భోజనాలొచ్చాయి. కృపమణి చారు కలుపుకుంది. తర్వాత కవరు కూతురి వైపు జరిపింది.

"అయితే అన్న అబద్ధమాడలే. కండ్లతో చూసిందే చెప్పినాడు." మళ్ళీ అడిగింది. "చివర్న నాయన ఇంట్లోనే ఉంటాడా అన్నా?"

"ఉంటాడమ్మా. పిల్లోనికి ముద్దలు పెడతాడు."

"శామూ, మాట్నీ ఇంటర్వల్ ఎన్నింటికి?"

నలుగురూ మాట్నీ ఇంటర్వల్‌కు లోపలికి పోయారు, ఫస్ట్ షో ఇంటర్వల్‌కు బయటికి వచ్చారు. కృపమణి కొంగుతో కండ్లు తుడుచుకుంటూ, "పాతదానికంటే ఈ కొత్తదే శానా బాగుండాదన్నా" అంది.

ఆదివారం చర్చిలో ఏది ముందు, ఏది వెనక అని కార్యక్రమం రాసే పని మాత్రం ఎవరూ ఏసురాజుకు అప్పగించలేదు.