పదికి మించిన అంకె

ఆ రోజుకి కామాగారు వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. పది గంటలకు పాఠం మొదలు. పదీ పదికి ఇంటి నుంచి అత్తగారు ఫోన్ చేసి ఒక్క వాక్యం చెప్పి పెట్టేస్తారు. ఆ వాక్యాన్ని యంత్రం ఎలా అర్థం చేసుకుందో ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలకు చూపిస్తే పదిన్నరకల్లా టీ తాగొచ్చు.

ఆయన పనిచేసేది మందుల మీద ఫిర్యాదులు తీసుకునే ఆఫీసులో. ఫలానా మాత్ర వేసుకుంటే ఒళ్ళంతా దద్దుర్లు లేచాయనో, నిద్ర పట్టలేదనో జనం చెప్పుకునేది రాసుకుని, అందులో మందు తప్పెంతో తేల్చడం అక్కడి పని. ఇరవై రెండేళ్ళుగా ఆయన చేతి మీదుగా వెళ్ళిన ఏ నివేదికలోనూ ఒక్క కామా కూడా తప్పిపోలేదు. అందుకే ఆ పేరు. అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తు లేదు.

నాలుగు నెలల కిందట ఆఫీసులోకి కృత్రిమ మేధ వచ్చింది. ఫోన్ ఎత్తడం, విన్నది రాసుకోవడం, దాన్ని రోగాల పేర్లలోకి మార్చడం, ఎంత తీవ్రమో తేల్చడం, అన్నీ అదే చేస్తుంది. అందరికంటే ముందు లేస్తుంది, అందరి తరవాత పడుకుంటుంది, ఎదురు చెప్పదు. అయినా ఎప్పుడు తప్పు చేస్తుందా అని ఆఫీసంతా కాచుక్కూర్చుంది. కాబట్టి దానికి ‘కొత్తకోడలు’ అని పేరు పెట్టారు.

“అత్తయ్యగారూ, ఈ కాగితం మీదున్న నంబరుకి ఫోన్ చేసి, కింద రాసింది చదవండి. ‘బి.పి. మాత్ర వేసుకున్నాక కాస్త తల తిరిగింది.’ అంతే,” అన్నారు కామాగారు చెప్పుల్లో కాళ్ళు పెడుతూ.

“రోజూ వేసుకుంటూనే ఉన్నాను, నాకు తల తిరగలేదే బాబూ.”

“తిరిగినట్టు చెప్పండి. పిల్లలకు పాఠం కోసం.”

“అబద్ధం ఆడమంటావు.”

“యంత్రంతోనే కదండీ.”

“సరేలే, ఈ వయసులో అదొక్కటే తక్కువైంది,” అని ఆవిడ రోజూలాగే ఆయన మంచినీళ్ళ గ్లాసు పక్కన కూడా అదే మాత్ర పెట్టి లోపలికి వెళ్ళిపోయారు.

ఏడు నెలల్లో వాళ్ళిద్దరి మధ్యా నడిచిన అతి పొడవైన సంభాషణ అదే. ఏడు నెలల కిందట కామాగారి భార్య, అంటే ఆవిడ ఒక్కగానొక్క కూతురు, బట్టలు మడతపెడుతూ మడతపెడుతూ పక్కకు ఒరిగిపోయింది. తలలో నరం చిట్లిందన్నారు డాక్టర్లు. ఆ తరవాత మూడో అంతస్తులోని ఆ ఇంట్లో అల్లుడూ అత్తా మిగిలారు. ఒకరి ముఖంలో ఒకరికి ఆమే కనిపిస్తుంది కాబట్టి ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం మానేశారు.

ఇక కాగితం సంగతి. ఆఫీసుకి రెండు నంబర్లు ఉన్నాయి. ఒకటితో ముగిసేది పిల్లలు అభ్యాసం చేసుకునేది, ఏడుతో ముగిసేది అసలుది. లోకంలోని కామాలన్నీ సరిదిద్దిన ఆ మనిషి చేత్తో ఒకటి రాస్తే అది అచ్చం ఏడులా ఉంటుంది.

పదీ పది అయింది. కొత్తగా చేరిన పన్నెండుమంది పెద్ద తెర వైపు చూస్తున్నారు. అభ్యాసం వరస ఖాళీగా ఉంది. పదీ ఇరవై అయినా ఖాళీగానే ఉంది. కామాగారు గొంతు సవరించుకుని, కృత్రిమ మేధ గురించి చెప్పిందే మళ్ళీ చెప్పడం మొదలుపెట్టారు.

“సార్, ఆ పక్క వరసలో ఎర్రగా ఏదో వచ్చింది,” అన్నది ముందు వరస అమ్మాయి.

పక్క వరస అంటే అసలు ఫిర్యాదులు. ఎరుపంటే తీవ్రం. వెతకబోయిన తీగ కాలికి తగిలిందనుకున్నారు కామాగారు. ఉత్తుత్తి కేసు బదులు నిజమైన కేసు! గబగబా తెరిచారు. అవతల ఎవరో ఇంకా మాట్లాడుతూనే ఉన్నారు. కొత్తకోడలు వరస తరవాత వరస రాసుకుంటూ పోతోంది.

‘స్త్రీ, డెబ్భై ఒక్క సంవత్సరాలు. మందు: బి.పి. మాత్ర. తల తిరగడం: లేదని రోగి గట్టిగా చెప్పారు. గుండె చుట్టూ నీరు చేరింది. రెండు కళ్ళలోనూ కాయల వంటి గడ్డలు. కాళ్ళూ చేతులూ కదలడం లేదు. కడుపు మీద కోత. ఏడు నెలలైనా మానలేదు.’

ఇంతలో కొత్త వరస మొదలైంది.

‘అదే ఇంట్లో రెండో రోగి. పురుషుడు, నలభై ఎనిమిది. అదే మాత్ర. శరీరం రాయిలా బిగుసుకుపోయింది. నోట్లో నాలుక లేదు.’

“మాత్ర వేసుకుంటే నాలుక ఊడిపోతుందా సార్?” అన్నాడొకడు వెనక నుంచి, తన నాలుకను ఒకసారి తడిమి చూసుకుని.

“ఇరవై రెండేళ్ళలో నేనెక్కడా చూళ్ళేదు. చూడలేదు కాబట్టి జరగదనుకుంటే మనం ఈ ఉద్యోగానికి పనికిరాం,” అన్నారు కామాగారు. చాలా కాలానికి ఆయన గొంతులో జీవం వచ్చింది. “యంత్రం తీవ్రమని చెప్పింది. మనిషి కూడా అవునంటేనే కేసు ముందుకి కదులుతుంది. ఇదిగో, ఇలా,” అని ‘నిర్ధారించడమైనది’ అన్న మీట నొక్కారు.

ఆ ఒక్క నొక్కుడికి గోడౌన్లో నాలుగు లక్షల మాత్రలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. దారిలో ఉన్న మూడు లారీలను రోడ్డు పక్కన నిలబెట్టేశారు. రోగి చిరునామాకి అంబులెన్సు బయల్దేరింది.

కామాగారికి ఇదేమీ తెలియదు. ఆయన పాఠం మంచి ఊపు మీదుంది. “మందు సంగతి అలా ఉంచండి. ఒకే ఇంట్లో ఇద్దరు ఏడు నెలలుగా ఇలా ఉన్నారు. పక్క మనిషి ఏమైపోతోందో చూసేవాడు ఒక్కడుంటే ఇంతదాకా వచ్చేదా? రాసుకోండి. మొదటి తప్పు మాత్రది కాదు, ఇంట్లోవాళ్ళది.”

పన్నెండుమందీ రాసుకున్నారు.

అప్పుడే తలుపు తోసుకుని డాక్టరమ్మ వచ్చింది. ఆఫీసులో ఉన్న ఒకే ఒక వైద్యురాలు, మెట్లెక్కి ఆయాసపడుతోంది.

“ఎవరండీ నిర్ధారించింది?”

“నేనే మేడమ్.”

“గొంతు విన్నారా?”

కామాగారు వినలేదు. రాసింది చదవడమే కాదు, చెప్పింది వినాలి కూడా. ఆ నియమం రాసింది ఆయనే.

“పెట్టండి, విందాం,” అన్నది డాక్టరమ్మ.

గదికి నాలుగు మూలలా ఉన్న స్పీకర్లలోంచి ఆ గొంతు వచ్చింది.

“…కళ్ళద్దాలు కనపడలేదమ్మా, నంబరంటే పెద్దగా రాశాడు, కింద ఏముందో చదవలేను. తల మాత్రం తిరగలేదు. ఇంకేమైనా చెప్పాలా అంటున్నావు కదా, ఏం చెప్పను? కడుపుకోత తల్లీ. పగవాళ్ళకి కూడా వద్దు.”

“మీ బాధ నాకు అర్థమైంది,” అన్నది కొత్తకోడలు, తీయగా. “కోత ఎప్పుడు జరిగిందమ్మా?”

“ఏడు నెలలు నిండాయి.”

“గాయం మానిందా?”

“ఇది మానేది కాదమ్మా.”

“నొప్పి ఎంత ఉంది? ఒకటి నుంచి పది వరకు ఒక అంకె చెప్పండి.”



“నలభై మూడేళ్ళమ్మా దానికి,” అన్నది ఆ గొంతు.

“క్షమించండి. పదికి మించిన అంకె తీసుకోలేను.”

కామాగారు పన్నెండుమంది ముందు ఏం చెయ్యాలో తోచక గొంతు ఆపే మీట కోసం తడుముకున్నారు. తడుముకుని తడుముకుని, స్పీకర్లను ఇంకాస్త పెంచారు.

“మా అల్లుడంటావా, నోట్లో నాలుక లేని మనిషి! ఇప్పుడు మరీ రాయైపోయాడు. మాత్ర నా చేత్తో ఇస్తాను. జేబులో వేసుకుని వెళ్ళిపోతాడు. చొక్కాలు తడిపితే జేబుల్లో తెల్లటి ముద్ద. ఏడు నెలలుగా చూస్తూనే ఉన్నాను, అడగలేదు. ఏ ముఖంతో అడగను? కూతురే పోయాక అల్లుడింట్లో అత్తకి హక్కేముంటుంది? పొమ్మంటే ఎక్కడికి పోను? అందుకని ఆ ముద్ద కడిగేసి ఆరేస్తాను.”

డాక్టరమ్మ వచ్చి మీట ఆపింది. ముందు వరస అమ్మాయి తన పుస్తకంలో ‘మొదటి తప్పు ఇంట్లోవాళ్ళది’ అన్న వాక్యాన్ని నెమ్మదిగా కొట్టేసింది.

కామాగారు ఇంటికి ఫోన్ చేశారు. లైను ఖాళీ లేదు. ఖాళీ ఎలా ఉంటుంది? లోకంలో ఒక అత్తా ఒక కోడలూ నలభై నిమిషాలుగా పోట్లాట లేకుండా మాట్లాడుకుంటున్నారు. మధ్యలో ఆపడం ఎవరి తరం?

ఆయన పరుగు తీశారు.

అక్కడ అంబులెన్సు అప్పటికే చేరింది. లావుపాటి నర్సూ, చేతిలో కాగితంతో డ్రైవరూ స్ట్రెచర్ మోసుకుని మూడంతస్తులూ ఎక్కారు. తలుపు తెరిచిన అత్తగారు ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని, “ఒక్క నిమిషం నాయనా, మాట్లాడుతున్నాను,” అన్నారు.

“కాళ్ళూ చేతులూ ఆడని పేషెంటు ఎక్కడమ్మా?”

“నేనే,” అన్నారు అత్తగారు, వాళ్ళకి కుర్చీలు లాగి వేస్తూ.

నర్సు చేతికి తొడుగులు వేసుకుంది. “పడుకోండమ్మా. కడుపు చూడాలి.”

“నా కడుపుతో నీకేం పని?”

“కోత ఉందట కదా, మానలేదట…”

అత్తగారు ఫోన్ కింద పెట్టేశారు. పెట్టి, కుర్చీలో కూర్చుండిపోయారు. నర్సు ఆవిడ ముఖంలోకి చూసింది. తొడుగులు విప్పింది.

“ఎంతమందమ్మా పిల్లలు?”

“ఒక్కతే.”

నర్సు పక్క కుర్చీలో కూర్చుంది. డ్రైవరు స్ట్రెచర్ని గోడకి ఆనించి, కిటికీలోంచి రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు.

అంతలో కామాగారు గుమ్మంలోకి వచ్చి పడ్డారు. చెమటలు కారుతున్నాయి, ఒక చెప్పు మెట్ల మీద ఎక్కడో ఉండిపోయింది.

“రెండో రోగి మీరేనా?” అన్నాడు డ్రైవరు కాగితం చూసి. “నాలుక చాపండి.”

కామాగారు చాపారు.

“ఉందే!” అని డ్రైవరు కాగితం మీద ఒక గీత కొట్టేశాడు.

నర్సు మాత్రం ఆయన ముఖం చూసి లేచింది. చేతికి పట్టీ చుట్టి బి.పి. చూసింది. రెండో చేతికి చుట్టి మళ్ళీ చూసింది.

“స్ట్రెచర్ తీసుకురా,” అన్నది.

“పేషెంటు ఆవిడ కదక్కా?”

“ఆవిడ ఏడుస్తోంది. బాగానే ఉంది. ఈయనదే ఇంకో గంట ఆగితే చెప్పలేం.”

మనిషిని పరీక్షించకుండా ఉన్నమాట లేనట్టూ లేనిమాట ఉన్నట్టూ రాసిన కొత్తకోడలు, ఆసుపత్రికి వెళ్ళాల్సిన ఇంటిని మాత్రం సరిగ్గా పట్టుకుంది.

అంబులెన్సులో అత్తగారు ఆయన తల దగ్గర కూర్చున్నారు. కాసేపటికి కామాగారు పైకప్పు వైపే చూస్తూ అన్నారు.

“రెండుసార్లు చెప్పింది అత్తయ్యగారూ, మీ అమ్మాయి. తల బరువుగా ఉందని. నేను ఎవరిదో నివేదిక దిద్దుతున్నాను. ఊఁ అన్నాను. రెండోసారీ ఊఁ అన్నాను. లోకంలో అందరి తలనొప్పీ రాసుకున్నవాణ్ణి… ఆ మాత్ర చేతిలోకి తీసుకుంటే మింగుడుపడటం లేదు.”

అత్తగారు ఆయన నుదుటి మీద చెమట కొంగుతో తుడిచారు.

“నాకూ చెప్పింది బాబూ. కాఫీ తాగితే పోతుందిలే అన్నాను. కాఫీ నేనే కలిపిచ్చాను.”

ఏడు నెలల తరవాత వాళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నర్సు సెలైన్ సీసా సరిచేస్తున్నట్టు అటు తిరిగింది.

సాయంత్రానికి లారీలు కదిలాయి. మాత్ర నిర్దోషి అని తేలింది. వేసుకున్నావిడకి ఏ జబ్బూ లేదు, ఉన్నదల్లా వేసుకోనాయనకే. ఆరో రోజున కామాగారు ఇంటికి వచ్చారు. డాక్టరమ్మ ఆయనకి ఒక పని అప్పజెప్పింది. జనం బాధని ఏయే మాటల్లో చెప్పుకుంటారో, ఆ మాటలకి అసలు అర్థం ఏమిటో రాసిస్తే కొత్తకోడలికి నేర్పుతారట. ఆయనకి ఆ మాటలు అంతగా తెలియవు. అందుకని ఉదయం పూట వంటింట్లో అత్తగారి ఎదురుగా కాగితాలు ముందేసుకుని కూర్చుంటున్నారు.

“ఇంకోటి చెప్పండి అత్తయ్యగారూ.”

“‘కాలు కాలిన పిల్లి’ రాశావా?”

“కాలికి మందు రాయమంటుందేమో.”

“పిల్లికి కూడా అంబులెన్సు పంపుతుంది. ముందు ఆ మాత్ర వేసుకో, నా ఎదురుగా. ఏదీ, నోరు తెరువు.”

నోరు తెరిచి చూపించారు. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని మరీ చూశారు. అక్కణ్ణుంచి మాట ఎలా మళ్ళిందో, చిన్నప్పుడు కూతురు మందు వేసుకోమంటే ఎలా పరిగెత్తేదో ఆవిడ చెప్పడం మొదలుపెట్టారు. పెళ్ళయ్యాక కూడా అంతేనని కామాగారు అందుకున్నారు. కలం పక్కన పెట్టేశారు. ఒకరు నవ్వితే ఇంకొకరు కళ్ళు తుడుచుకున్నారు.

అప్పుడు ఫోన్ మోగింది. పదిహేనో రోజు రోగిని మళ్ళీ పలకరించాలని నియమం.

“నమస్కారమమ్మా. మీ ఆరోగ్యం ఇప్పుడు ఎలా ఉంది? తీరిగ్గా చెప్పండి, నేను వింటున్నాను,” అన్నది కొత్తకోడలు.

“ఇప్పుడు కుదరదు తల్లీ, మేం మాట్లాడుకుంటున్నాం,” అని అత్తగారు ఫోన్ పెట్టేశారు.

కొత్తకోడలు మూడు క్షణాలు ఆగి, ‘రోగి సహకరించలేదు’ అని రాసి కేసు మూసేసింది.